నెత్తురు మోసే డ్రోన్లు

ప్రశ్న: 2021 సెప్టెంబరులో మా వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు. ఇప్పుడు మా ఊరి పొలాల్లో డ్రోన్లతో పురుగుమందు కొడుతున్నారు. పది లీటర్ల ట్యాంకు మోసే యంత్రం పట్నం నుంచి ఒక్క మందుల పెట్టె తేలేదా?
– ఒక పాఠకురాలు, వికారాబాద్ జిల్లా

జవాబు: బరువు మోయడం వేరు, దూరం పోవడం వేరు. పురుగుమందు కొట్టే డ్రోను తన బరువునూ ట్యాంకు బరువునూ కేవలం తిరిగే ఫ్యాన్ల బలంతోనే గాలిలో నిలుపుకోవాలి కనుక, నిండు ట్యాంకుతో పది పదిహేను నిమిషాలు ఎగిరేసరికి బ్యాటరీ అయిపోతుంది. గట్టు మీద ఇంకో బ్యాటరీ సిద్ధంగా ఉంటుంది కాబట్టి పొలంలో అది లోపంగా కనిపించదు. దూరం పోవాలంటే విమానానికి ఉన్నట్టు రెక్కలు కావాలి.

ఆఫ్రికాలోని రువాండాలో 2016 అక్టోబరు నుంచి జిప్‌లైన్ సంస్థ రెక్కల డ్రోన్లతోనే ఆసుపత్రులకు రక్తం పంపుతోంది. దాని డ్రోను మోసేది రెండు కిలోల లోపే అయినా, సుమారు 80 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రాగలదు. ఆసుపత్రి దగ్గర అది కిందికి దిగదు. పారాచూట్ కట్టిన పెట్టెను జారవిడిచి వెనుదిరుగుతుంది. రక్తాన్నే ముందుగా ఎంచుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులు, ఎర్ర రక్తకణాలు మహా అయితే 42 రోజులు నిల్వ ఉంటాయి. చిన్న ఆసుపత్రి అన్ని గ్రూపుల రక్తాన్నీ దగ్గర పెట్టుకుంటే వాడకముందే గడువు తీరిపోతుంది. పెట్టుకోకపోతే కాన్పు తరువాత రక్తస్రావమైన తల్లికి ఆ ఘడియలో అందించడానికి ఏమీ ఉండదు. కావలసినప్పుడే తెప్పించుకునే వీలు కలిగాక అక్కడి ఆసుపత్రుల్లో గడువు తీరి వృథా అయ్యే రక్తం ఏడాదిలో 67 శాతం తగ్గిందని 2022లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

మన దేశంలోనూ 2021 అక్టోబరు 4న మణిపూర్‌లోని బిష్ణుపూర్ ఆసుపత్రి నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ దీవికి కోవిడ్ టీకాలు డ్రోనులో వెళ్లాయి. రోడ్డున 26 కిలోమీటర్లు. ఆకాశమార్గాన 15 కిలోమీటర్లే, పట్టిన సమయం పావుగంట లోపే.

ఇక నిబంధనల మాట. పొలంలో డ్రోను నడిపేవారి కళ్లెదుటే ఎగురుతుంది. కంటిచూపు దాటి పంపాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. వికారాబాద్ ప్రయోగాలు కూడా కేంద్రం ఇచ్చిన సడలింపుతోనే జరిగాయి. కింద ఇళ్లూ మనుషులూ ఉంటారు కనుక ఈ జాగ్రత్త అవసరమే. అయితే ఆ అనుమతులు ఇచ్చేటప్పుడు నగరంలో తినుబండారాల పొట్లాల కన్నా ముందు మీవంటి ఊళ్ల ఆరోగ్య కేంద్రాలకు పాముకాటు మందు, టీకాలు, ఏరియా ఆసుపత్రులకు రక్తం చేరే దారులను చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అందుకు మీ ఆరోగ్య కేంద్రం దగ్గర పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు: పెట్టె పడడానికి కాస్త ఖాళీ జాగా, మందును చల్లగా ఉంచే ఫ్రిజ్, రాత్రివేళ కూడా ఫోనుకు పలికే ఒక మనిషి ఉంటే చాలు.