మీ ప్రశ్నలు – మా జవాబులు: అమెరికా బడిలో ప్రార్థన ఎందుకు చేయించరు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా అబ్బాయి వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. మనవరాలు గవర్నమెంటు బడిలో రెండో క్లాసు. రోజూ జెండా ముందు ‘దేవుని క్రింద ఒకే దేశం’ అని ప్రమాణం చెప్పిస్తారట, నోట్ల మీదేమో దేవుణ్ణి నమ్ముతున్నామని అచ్చేస్తారు, టీచరు మాత్రం పిల్లల చేత ప్రార్థన చేయించకూడదట! వైజాగ్‌లో నేను చదివిన మిషన్ స్కూల్లో ప్రార్థన లేకుండా క్లాసు మొదలయ్యేదే కాదు. క్రైస్తవ దేశంలో ఇదేం చోద్యం? పిల్ల భక్తి ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక నాన్నమ్మ, గాజువాక

జవాబు: నాన్నమ్మగారూ, వందనాలు. అక్కడ క్రైస్తవులు ఎక్కువే గానీ ప్రభుత్వానికి మతం లేదు. వాళ్ల రాజ్యాంగమంతా వెతికినా, చివర తేదీ వేసేటప్పుడు ‘మన ప్రభువు సంవత్సరం’ అని రాయడం తప్ప దేవుని ఊసు ఉండదు, పైగా ఏ పదవికీ మతపరీక్ష పెట్టకూడదని అందులోనే రాసుకున్నారు. ప్రమాణంలో దేవుని మాట చేర్చింది 1954లో, నోట్ల మీది మాటను జాతీయ నినాదం చేసింది 1956లో. దేవుడు లేడనే సోవియట్ రష్యాతో పోటీ పడుతున్న రోజులవి. నాణేల మీదికి మాత్రం 1864లోనే ఎక్కింది.

ఇక ప్రార్థన సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలో విద్యాశాఖ పెద్దలు కూర్చుని, బడుల్లో చదివించడానికి ఇంగ్లీషులో 22 మాటల ప్రార్థన ఒకటి రాశారు. సర్వశక్తిగల దేవా, నీ మీదే ఆధారపడ్డాం, మమ్మల్ని, మా తల్లిదండ్రుల్ని, టీచర్లని, దేశాన్ని దీవించు అని, అంతే. అందులో యేసు నామం లేదు, పాపం లేదు, క్షమాపణ లేదు. ఎవరికీ అభ్యంతరం రాకూడదని రాసింది కదా, అలాగే ఉంటుంది మరి. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 1962లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జడ్జి హ్యూగో బ్లాక్ ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో సండే స్కూల్ చెప్పినాయన. అధికారులు రాసిచ్చిన ప్రార్థన ఆగిపోయినందుకు మీరు బెంగపడక్కర్లేదని నా అభిప్రాయం. మీ మనవరాలు బడిలో అన్నం డబ్బా మూత తీసి, తల వంచి తన ప్రార్థన తాను చేసుకుంటే ఏ టీచరూ కాదనకూడదు. హైస్కూలుకెళ్లాక అక్కడ చదరంగం క్లబ్బుకో ఇంకోదానికో గది ఇస్తే బైబిలు క్లబ్బుకీ ఇవ్వాల్సిందే, 1984లో చట్టమే చేశారు.

అసలు ప్రభుత్వాన్ని చర్చికి దూరంగా ఉండమని గట్టిగా అడిగింది నాస్తికులనుకుంటారు చాలామంది. కాదండీ, బాప్టిస్టులు. మసాచుసెట్స్‌లో, కనెక్టికట్‌లో ప్రభుత్వం ఒక సంఘాన్ని తనదిగా పెట్టుకుని దాని పాస్టర్ల జీతాలకు ఊరందరి దగ్గరా పన్ను వసూలు చేసేది, తప్పించుకోవాలంటే నేను ఫలానా వేరే సంఘంవాణ్ణని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే మనకి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. వర్జీనియాలోనైతే లైసెన్సు లేకుండా బోధించారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో వేశారు. వేసినవాళ్లూ క్రైస్తవులే!

1791లో వాళ్ల రాజ్యాంగానికి వచ్చిన మొదటి సవరణ, కేంద్ర ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికం చేయకూడదు, ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదు అంది. రాష్ట్రాల్లో పాత పద్ధతి ఇంకా నడుస్తూనే ఉండటంతో కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు జెఫర్సన్‌కి మొర పెట్టుకున్నారు. ‘చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ’ అని ఆయన జవాబు రాసింది 1802 జనవరి 1న. సరిగ్గా అదే రోజు జాన్ లేలండ్ అనే బాప్టిస్టు బోధకుడు మసాచుసెట్స్‌లోని తన ఊరివాళ్లు చేసిన 1,235 పౌండ్ల చీజ్ దిమ్మని, అంటే 560 కిలోలు, తీసుకెళ్లి జెఫర్సన్‌కి బహుమతిగా ఇచ్చాడు. అవతలి పార్టీవాళ్ల ఆవుల పాలు ఒక్క చుక్క కూడా కలపలేదని చెప్పుకునేవారట. జెఫర్సన్ మనలాంటి విశ్వాసేం కాదు, సువార్తల్లోంచి అద్భుతాలు కత్తిరించేసి మిగిలింది అంటించుకున్న మనిషి. అయినా ఆ బాప్టిస్టులు మాకు మా సంఘాన్ని వదిలేస్తే చాలన్నారు. కనెక్టికట్‌లో ఆ పద్ధతి 1818లో పోయింది, మసాచుసెట్స్‌లో 1833లో.

తర్వాత మూడేళ్లకే, 1836లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ల కోసం బయల్దేరి మన విశాఖపట్నం చేరుకున్నాడు. ఆ మిషన్ నడిచింది పన్నులతో కాదు, సంఘాల్లో పోగైన కానుకలతో.

ప్రశ్న: అమెరికాలో పాస్టర్లు పుల్పిట్ మీంచే ఫలానావాళ్లకి ఓటెయ్యమంటున్నారు. మనవాళ్లు నోరెత్తరేం? డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య, వాళ్ల పాస్టరు చెప్పినవాళ్లకే వేస్తానంటున్నాడు.
– ఒక యువకుడు, మర్రిపాలెం

జవాబు: తమ్ముడూ, అక్కడ 1954 నుంచి చట్టముంది. పన్ను మినహాయింపు పొందే చర్చి అభ్యర్థుల్ని బలపరచకూడదు. అమలు చేసింది తక్కువే అనుకో. 2025 జూలైలో అయితే, ఆరాధనలో పాస్టరు తన సంఘానికి చెప్పుకుంటే తప్పు కాదని పన్నుల శాఖే కోర్టులో ఒప్పుకుంది. మన దగ్గర అభ్యర్థి మతం పేరుతో ఓట్లడిగితే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద గెలిచిన ఎన్నికే రద్దు కావచ్చు.

చట్టం ఒప్పుకున్నా నేనైతే పేరు చెప్పను. కూలి ఎగ్గొట్టడం గురించి, లంచం గురించి, పరదేశి గురించి, కడుపులో బిడ్డ గురించి బైబిలు చెప్పేది మొహమాటం లేకుండా చెబుతాను. పార్టీ పేరెత్తితే మాత్రం రేపు వాళ్లు చేసే ప్రతి పనికీ వాక్యం వెతికిపెట్టాల్సి వస్తుంది. అమెరికా దక్షిణాది బాప్టిస్టులు బానిసల యజమానులు మిషనరీలు కావచ్చని పట్టుబట్టి 1845లో వేరుపడ్డారు, క్షమాపణ అడిగింది 1995లో. అలాగని నోరు మూసుకోమనడం లేదు, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ కూడా పాస్టరే.

మీ అన్నయ్యకి పౌరసత్వం వచ్చిందో లేదో ముందు కనుక్కో. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డే ఉన్నా అధ్యక్ష ఎన్నికల్లో, కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటు లేదు. పాస్టరు చెప్పాడని వెళ్లి వేస్తే కేసవుతుంది, దేశం నుంచి పంపించెయ్యొచ్చు కూడా. ఈ ఒక్క విషయం ఇవాళే ఫోన్ చేసి చెప్పు.