టెక్ సందేహాలు: జపాన్ దాటని ఆటలు ఆడేదెలా?

ప్రశ్న: జపాన్‌లో ఉద్యోగం చేసే మా బావ పాత గేమ్ బాయ్ అడ్వాన్స్, కొన్ని క్యాట్రిడ్జులు తెచ్చిచ్చాడు. అన్నీ జపనీస్‌లోనే. 'మదర్ 3' ఇంగ్లిష్‌లో ఆడే దారి ఉందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మంచి బావ దొరికాడు మీకు! 'మదర్ 3' 2006 ఏప్రిల్‌లో జపాన్‌లో వచ్చింది. అధికారికంగా ఇంగ్లిష్‌లోకి రాలేదు. చూసీ చూసీ విసుగొచ్చి అభిమానులే అనువదించుకుని, 2008 అక్టోబరులో ప్యాచ్ విడుదల చేశారు.

ప్యాచ్ అంటే ఆట కాదు. అసలు ఫైల్లో ఎక్కడ ఏం మార్చాలో చెప్పే చిన్న ఫైలు, అంతే. కాబట్టి ముందు మీ క్యాట్రిడ్జిలోని ఆటను రీడర్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోవాలి. ఆ కాపీ చెక్‌సమ్ (ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య), ప్యాచ్‌తో పాటు ఇచ్చిన చెక్‌సమ్ ఒకటేనో కాదో చూసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా ప్యాచ్ ఎక్కదు, ఎక్కినా తెర నల్లగా ఉండిపోవచ్చు. నెట్‌లో ఎవరో పెట్టిన ఆట ఫైలునే దించుకుంటే అది పైరసీయే, దాని జోలికి పోవద్దు.

పైకి కనిపించేంత తేలిక కాదు ఈ అనువాదం. 'వేసవి సెలవులు' అనే మాట జపనీస్‌లో మూడక్షరాలు. ఇంగ్లిష్‌లో 'సమ్మర్ వెకేషన్' అంటే, మధ్యలో ఖాళీతో కలిపి, 15 గళ్లు కావాలి. డైలాగ్ పెట్టె చాలదు. అందుకే ఇలాంటి ఆటల్లో మాటలే కాదు, అక్షరాలు గీసే కోడ్‌నీ మార్చాల్సి వస్తుంది.

మీ క్యాట్రిడ్జుల్లో 'రిథమ్ టెంగోకు' ఉందేమో వెతకండి. అదీ 2006దే, జపాన్‌కే పరిమితం. తాళానికి తగ్గట్టు బటన్ నొక్కడమే ఆట. భాష రాకపోయినా చెవులుంటే చాలు.

ప్రశ్న: మా ప్లేస్టేషన్ 2 'బోకు నో నత్సుయాసుమి 2' డిస్కును తీసుకోవడం లేదు. పాడైందా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టెన్షన్ పడకండి, డిస్కు బాగానే ఉండొచ్చు. ప్లేస్టేషన్ 2కు రీజియన్ లాక్ ఉంది. జపాన్ డిస్కు జపాన్ మెషీన్‌లోనే ఆడుతుంది. గేమ్ బాయ్‌కు ఆ గొడవ లేదు.

ఈ సిరీస్ అంటే నాకు ప్రాణం. 2000లో వచ్చిన మొదటి భాగంలో తొమ్మిదేళ్ల పిల్లాడు 1975 ఆగస్టు నెలంతా పల్లెలో బంధువులింట్లో గడుపుతాడు. వల పట్టుకుని పురుగుల వెంట పడటం, పట్టిన పేడపురుగుల్లాంటి కొమ్ము పురుగులకు కుస్తీ పెట్టడం, చేపలు పట్టడం, రాత్రి బొమ్మల డైరీ గీయడం. గెలుపోటముల గోల లేదు. 31 రోజులైతే సెలవులు అయిపోతాయి. రెండో భాగానికి 2023లో అభిమానుల ఇంగ్లిష్ ప్యాచ్ వచ్చింది.

ఇంత తంటా ఎందుకనుకుంటే, ఈ ఆటల సృష్టికర్త కాజ్ అయాబే మన పిల్లలకు తెలిసిన షిన్‌చాన్‌తోనూ ఇలాంటి వేసవి ఆటే చేశారు. 2021లో జపాన్‌లో, మరుసటి ఏడాది ఇంగ్లిష్‌లో వచ్చింది. నింటెండో స్విచ్ గేమ్ మెషీన్‌లో ఆడుకోవచ్చు.

ప్రశ్న: ఫోన్ కెమెరాను తెర మీద పెట్టి అనువదించుకుంటే సరిపోదా? – ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మెనూలకు పనికొస్తుంది. పాత ఆటల గళ్ల అక్షరాలను మాత్రం తప్పుగా చదువుతుంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కంట్రోలరు పట్టుకుని గంటల కథ నడపడం మీ ఓపిక.