అమ్మానాన్నల గ్రీన్‌కార్డు పిటిషన్‌కు జిరాక్సులు ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: నాకు ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది. వయసు 38. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గ్రీన్‌కార్డు కోసం ఐ-130 (బంధువుల కోసం పౌరులు వేసే ఫారం) పిటిషన్ వేద్దామనుకుంటున్నాను. కాగితాలు ఒరిజినల్స్ పంపాలా, జిరాక్సులు చాలా? జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం గానీ నోటరీ గానీ ఉండాలని నాన్నగారు అంటున్నారు. నా న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వం ఇచ్చినప్పుడు ఇచ్చే పత్రం) మీదేమో కాపీ తీస్తే శిక్ష పడుతుందని రాసి ఉంది. బర్త్ సర్టిఫికెట్ పూర్తిగా తెలుగులో ఉంది. అందులో అమ్మ పేరు ఒకలా, ఆమె పాస్‌పోర్టులో మరోలా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఒరిజినల్స్ పంపకండి. ఐ-130కి మామూలు జిరాక్సులు చాలు. ఫారం సూచనల్లో ఒరిజినలే కావాలని ఉంటే తప్ప, లేదా యూఎస్‌సీఐఎస్ (పిటిషన్లు పరిశీలించే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) ఆ తర్వాత ప్రత్యేకంగా అడిగితే తప్ప, చదవడానికి వీలుగా ఉన్న నకలు సరిపోతుందని ఇమిగ్రేషన్ నిబంధనలే చెబుతున్నాయి. అడగకుండా పంపిన ఒరిజినల్స్‌ను అందిన వెంటనే నాశనం చేయవచ్చని కూడా సూచనల్లో ఉంది. ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న కాగితాన్ని అలా పోగొట్టుకోకూడదు. పైగా రేపు కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు అమ్మానాన్నల చేతిలో ఉండాల్సింది ఆ ఒరిజినల్సే. వాటిని ఇప్పటినుంచే ఒక ఫైల్‌లో భద్రంగా పెట్టించండి. పాడవకుండా ఉంటాయని లామినేషన్ మాత్రం చేయించవద్దని చెప్పండి. స్కాన్ చేస్తే వెలుతురు పడి అక్షరాలు కనపడవు, సీలు అసలుదో కాదో చూడటమూ కష్టమవుతుంది.

నాన్నగారు చెప్పింది మన దగ్గర ఎన్నో ఏళ్లు నడిచిన పద్ధతి, అందుకే ఆయనకు ఆ అనుమానం రావడం సహజం. ఐ-130కి మాత్రం గెజిటెడ్ సంతకం, నోటరీ, ‘ట్రూ కాపీ’ ముద్ర ఏదీ అక్కర్లేదు. చాలా ప్యాకెట్లలో నేను చూసేది ఏమిటంటే, ఆ సంతకం, రబ్బరు స్టాంపు సరిగ్గా రిజిస్ట్రేషన్ నంబరు మీదో తేదీ మీదో పడి, చదవాల్సినదే కనపడకుండా పోతుంది. ఆ డబ్బూ సమయమూ మంచి స్కానర్ ఉన్న చోట పెట్టండి.

న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ మీదున్న హెచ్చరిక చాలామందిని భయపెడుతుంది. చట్టబద్ధమైన అధికారం లేకుండా కాపీ తీయడం నేరమని అక్కడ ఉంటుంది. మీరు తీసేది ప్రభుత్వ కార్యాలయానికి మీ పౌరసత్వం రుజువు చేయడానికి, అది చట్టబద్ధమైన అవసరమే. నిశ్చింతగా తీసి పంపవచ్చు. అయినా మనసు ఒప్పుకోకపోతే, గడువు తీరని అమెరికా పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ జిరాక్స్ పెట్టండి, అదీ పౌరసత్వానికి రుజువే. రెండూ పెట్టినా తప్పు లేదు. తల్లిదండ్రులకు పిటిషన్ వేయాలంటే మీకు 21 ఏళ్లు నిండాలి, మీకా సమస్య లేదు.

ఇక జిరాక్స్ ఎలా ఉండాలి? మీ పిటిషన్ చూసే ఆఫీసర్‌కి ఒరిజినల్ కనపడదు. ఆయనకు తెలిసేదల్లా మీరు పంపిన ఆ ఒక్క పేజీ. అందుకే కాగితం నాలుగు అంచులూ కనపడేలా, ఏ మూలా తెగకుండా తీయాలి. వెనక పక్క సీలో, సంతకమో, చేతిరాతో ఏదున్నా ఆ పక్క కూడా వేరే పేజీగా తీయాలి. ఇండియన్ పాస్‌పోర్టు విషయంలో చాలామంది ఫోటో ఉన్న పేజీతో ఆపేస్తారు. తండ్రి, తల్లి, భార్య లేదా భర్త పేర్లు ఉండేది చివరి పేజీలో. బంధుత్వం చూపాల్సిన కేసులో ఆ పేజీ చాలా విలువైనది, తప్పకుండా పెట్టండి. కలర్ తప్పనిసరి కాదు, కానీ ఎరుపు, ఊదా సీళ్లు నలుపు తెలుపులో మాయమవుతాయి కాబట్టి బర్త్ సర్టిఫికెట్ వరకు కలర్‌లో తీయించండి.

కాగితం సైజు కూడా చూసుకోండి. అమెరికాలో వాడేది 8.5 × 11 అంగుళాల లెటర్ సైజు. మన ఏ4 అంతకంటే కొంచెం పొడవు, స్టాంపు పేపర్ మీద రాసిన అఫిడవిట్లు ఇంకా పొడవు. అంచు కత్తిరించకుండా, మొత్తం పేజీ పట్టేలా కాస్త తగ్గించి ప్రింట్ తీయండి. ప్యాకెట్లు స్కానర్లోకి వెళతాయి కాబట్టి స్టేపుల్ పిన్నులు, పంచ్ రంధ్రాలు, స్పైరల్ బైండింగ్, అంటించే చీటీలు వద్దు. ఆన్‌లైన్‌లో వేస్తే పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ ఎక్కించకండి. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది. నిజానికి ఆధార్ మీకు, అమ్మకు ఉన్న బంధుత్వాన్ని రుజువు చేయదు, ఆ కాగితం లేదని బెంగ పడక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా చెబుతున్నాను. అక్షరం మసకగా ఉందని జిరాక్స్ మీద పెన్నుతో దిద్దడం, వైట్‌నర్ పూయడం, ఫోన్ యాప్‌లో మరక తుడవడం, స్పెల్లింగ్ సరిచేయడం చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ఉద్దేశం మంచిదే అయినా అది మార్చిన పత్రం అవుతుంది. ముఖ్యమైన విషయంలో కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే, ఆ వ్యక్తికి అమెరికాలో ప్రవేశం జీవితాంతం మూసుకుపోవచ్చు. ఇమిగ్రేషన్ చట్టం 212(ఎ)(6)(సి) సెక్షన్ అంత తీవ్రమైనది. ఒరిజినలే మసకగా ఉంటే రిజిస్ట్రార్ దగ్గర కొత్త కాపీ తీసుకోండి.

తెలుగు సర్టిఫికెట్‌కు పూర్తి ఇంగ్లిష్ అనువాదం కావాలి. సారాంశం చాలదు. సీలు మీది మాటలు, చేతిరాత, వెనక పక్క గమనికలు అన్నీ అనువదించాలి. అనువాదం సంపూర్ణం, ఖచ్చితం అని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు రాసి సంతకం పెడితే చాలు, నోటరీ అవసరం లేదు. మీరే అనువదించుకోకుండా తెలుగు, ఇంగ్లిష్ బాగా వచ్చిన మరొకరి చేత చేయించమంటాను. తేదీల దగ్గర జాగ్రత్త. మనం 05/08 అని రాస్తే ఆగస్టు 5, అమెరికాలో చదివితే మే 8. అనువాదంలో నెల పేరు అక్షరాల్లో రాయించండి.

పేరు తేడా అసలైన సమస్య, ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం, ఒకచోట పూర్తి పేరు మరోచోట ఇనీషియల్, ఊళ్లో పిలిచే పేరే రిజిస్టర్‌లోకి ఎక్కడం మన కుటుంబాల్లో మామూలే, కానీ ఆ సంగతి ఆఫీసర్‌కి తెలియదు. ఫారంలో అమ్మ ఇతర పేర్లు అడిగే చోట బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండు పేర్లూ ఒకరివేనని చూపే పాత కాగితం ఏదైనా, అంటే స్కూల్ సర్టిఫికెట్, ఆస్తి పత్రం, మీ పదో తరగతి మెమో లాంటివి వెతికించండి. వాటితో పాటు అఫిడవిట్ జత చేయండి. ఒంటరిగా అఫిడవిట్ మీదే ఆధారపడితే బలం తక్కువ. తేడా గుమాస్తా పొరపాటు అయితే, 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రార్‌కి దరఖాస్తు పెట్టి సరిచేయించుకోవచ్చు.

మీ సర్టిఫికెట్‌లో మీ పేరు గడి ఖాళీగా ఉందేమో కూడా చూసుకోండి. పాత రిజిస్టర్లలో తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉండటం ఎక్కువ. పేరు రాయించుకున్న సర్టిఫికెట్ తీసుకున్నాకే పిటిషన్ వేయండి. పుట్టిన చాలా ఏళ్లకు రిజిస్టర్ చేయించినదైతే, చిన్నప్పటి స్కూల్ రికార్డులు, మీ పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు తోడుగా పెట్టండి. వాళ్లు ఈ పిటిషన్‌లో పార్టీలు, అంటే పిటిషన్ వేసేవారో ఎవరి కోసం వేస్తున్నారో వాళ్లో, కాకూడదు.

అమ్మకు, నాన్నకు రెండు వేర్వేరు ఐ-130లు వేయాలి. ఒకరి పిటిషన్‌లో రెండోవారు కలిసి రారు. అమ్మ విషయంలో మీ బర్త్ సర్టిఫికెట్, మీ పౌరసత్వ రుజువు ముఖ్యం. నాన్న విషయంలో వీటికి తోడు వాళ్లిద్దరి మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా కావాలి. అప్పట్లో రిజిస్టర్ చేయించుకోకపోతే, హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఇప్పుడైనా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. ఆలస్యంగా తీసుకున్నది కాబట్టి పెళ్లి శుభలేఖ, పెళ్లి ఫోటో, పాస్‌పోర్టు చివరి పేజీ లాంటివి తోడు పెట్టండి.

ఈ మ్యారేజ్ సర్టిఫికెట్ లేకుండానే పంపి తర్వాత చూద్దాం అనుకోకండి. తక్కువైన పత్రాల కోసం యూఎస్‌సీఐఎస్ నోటీసు పంపితే గడువు గరిష్ఠంగా 84 రోజులు, పొడిగింపు ఇవ్వరు. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. సగం పంపితే మిగతావాటి కోసం ఆగరు, చేతిలో ఉన్న కాగితాలతోనే తేల్చేస్తారు. అమ్మ పేరు రుజువులు, అనువాదం చేతికొచ్చాక ఆమె పిటిషన్ ముందు వేసి, మ్యారేజ్ సర్టిఫికెట్ వచ్చాక నాన్నది వేయవచ్చు. ఇద్దరూ కలిసే ప్రయాణం చేయాలనుకుంటే మాత్రం అది వచ్చేదాకా ఆగి రెండూ ఒకేసారి పంపడం మేలు.