మేసన్–డిక్సన్ రేఖ కాదు, రాపహానాక్ నది

అమెరికాలో ఉత్తరం ఎక్కడ ముగిసి దక్షిణం ఎక్కడ మొదలవుతుందని అడిగితే, చాలామంది తడుముకోకుండా మేసన్–డిక్సన్ రేఖ పేరు చెబుతారు. చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ అనే ఇద్దరు సర్వేయర్లు 1763 నుంచి 1767 వరకు కొలిచి రాళ్లు పాతిన ఆ గీత, పెన్సిల్వేనియా యజమానులైన పెన్ కుటుంబానికీ మేరీలాండ్ యజమానులైన కాల్వర్ట్ కుటుంబానికీ మధ్య నలిగిన గట్టు తగాదాను తీర్చడానికి వేసినదే తప్ప, మనుషుల తీరును చూసి వేసినది కాదు. ఆ గీతకు దిగువనే ఉన్న మేరీలాండ్, బానిసత్వం సాగిన రాష్ట్రమై ఉండీ, 1861లో దక్షిణ రాష్ట్రాలు విడిపోయి అంతర్యుద్ధం మొదలైనప్పుడు, యూనియన్‌ను, అంటే ఉత్తరం వైపు నిలిచిన సమాఖ్యను, విడిచిపోలేదు. జనాభా లెక్కలవారు మాత్రం నేటికీ దానిని దక్షిణంలోనే చూపిస్తారు.

2011 నుంచి ఉత్తర వర్జీనియాలో ఉంటున్న నన్నడిగితే, అసలు సరిహద్దు అదే రాష్ట్రంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి పక్కన పారే రాపహానాక్ నది. 2014 వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారిని రిచ్‌మండ్ తీసుకువెళుతూ, ఆ నది దాటిన కొంతసేపటికి రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్లో ఆగాము. ఆయన టీ కావాలన్నారు. వడ్డించే పెద్దావిడ "ఇదిగో హనీ" అంటూ, మన చెంబు పట్టేంత గ్లాసులో ఐసు ముక్కలతో నింపిన టీ తెచ్చిపెట్టింది. నాన్నగారు ఒక గుక్క తాగి, "ఒరేయ్, ఇది టీ కాదురా, మిరియాలు మరిచిపోయిన పానకం" అన్నారు. గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా ఆవిడ అడగకుండానే నింపుతూ, ఏ ఊరని, మనవలు ఎంతమందని ఆరా తీసింది. అదే రాష్ట్రంలో మా పక్కింటాయన ఇన్నేళ్లలో నా పేరైనా అడిగిన పాపాన పోలేదు. ఉత్తర వర్జీనియాలో, మా వైపు హోటళ్లలో టీ అడిగితే చప్పటి టీ పెట్టి, చక్కెర పొట్లాలు ముందుకు తోస్తారు.

నదినే ఎందుకు పట్టుకున్నానంటే, 1862లో ఉత్తర సైన్యం నదికి ఉత్తరపు గట్టుకు చేరగానే, దక్షిణం వైపు బానిసలుగా ఉన్నవారు వేల సంఖ్యలో దానిని దాటి స్వేచ్ఛ పొందారు. దాటినవారికి ఆ నీళ్లే సరిహద్దు. నాన్నగారితో వెళ్లిన రోజు రిచ్‌మండ్‌లో, ఆ యుద్ధంలో దక్షిణ సైన్యాన్ని నడిపిన రాబర్ట్ లీ విగ్రహం చూసి, ఓడిన సేనానికి ఇంత గుర్రమా అని ఆయన ఆశ్చర్యపోయారు. దానిని 2021 సెప్టెంబరులో తొలగించారు.

అయితే నా నది కూడా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను. కిందటేడు అదే హోటల్లో ఒక కుర్రపిల్ల "తీపిదా, చప్పటిదా?" అని అడిగింది. నా లెక్కలో అసలు సిసలు దక్షిణంలో టీ అంటే తీపిదే, ఆ ప్రశ్న పుట్టదు. ఇళ్ల ధరలు భరించలేక ఉత్తరం నుంచి అక్కడికి తరలివెళ్లినవారే ఆ ప్రశ్నను వెంట తీసుకువెళ్లారని నా గట్టి నమ్మకం. వారిలో మా ఆఫీసువాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ తెలుగువారే.