మానేయడం తర్వాత, ముందు తాళం చెవి సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి నాలుగేళ్లుగా భీమవరంలో ఒక ప్రైవేటు బ్యాంకులో చేస్తోంది. కాపురం పాలకొల్లులో. అల్లుడికి రొయ్యల చెరువులు. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, మూడేళ్ల బాబు అప్పటికే పడుకుంటాడు. ఇంట్లో రోజూ గొడవే. మానేసి గ్రూప్-2కి చదువుతానంటోంది. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, బ్రాంచిలో ఉన్నంతసేపు పని బాగుంటుందా అని ముందు ఆమెనే అడగండి. బాగుంటుందంటే తేడా ఉద్యోగంలో లేదు, వేళల్లో ఉంది.

ఉద్యోగానికీ ఇంటికీ పడే పేచీని గ్రీన్‌హౌస్, బ్యూటెల్ అనే పరిశోధకులు 1985లో మూడు రకాలుగా చెప్పారు. టైము చాలకపోవడం, ఆఫీసు టెన్షన్ ఇంటిదాకా రావడం, ఆఫీసులో పనికొచ్చే తీరు ఇంట్లో బెడిసికొట్టడం. మూడోది మనవాళ్లు పట్టించుకోరు. పగలంతా ప్రతి సంతకాన్నీ అనుమానంగా చూసిన మనిషి, అదే గొంతుతో "పాలవాడికి ఎంతిచ్చారు?" అంటే అత్తగారికి గుచ్చుకోదూ?

మీ అమ్మాయిది ఎక్కువగా మొదటి రకంలా ఉంది. బ్యాంకు స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ ఉంటేనే మూయగలరు. ఒక చెవి ఈమె దగ్గరుంటే క్యాష్ లెక్క తేలేదాకా కదలలేదు. అది వంతులవారీగా చేతులు మారాలి. నెలల తరబడి ఈమె దగ్గరే ఉండిపోయిందేమో కనుక్కోండి. మేనేజరుతో "కష్టంగా ఉంది సార్" అంటే లాభం లేదు. "వారానికి మూడు రోజులు ఆరింటికి బయటపడాలి" అని లెక్కగా అడగాలి. పాలకొల్లులో వాళ్ల బ్రాంచి ఉంటే బదిలీకి రాతపూర్వకంగా పెట్టుకోమనండి.

ఇక అల్లుడుగారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల దగ్గర రాత్రంతా మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి ఆయనే అయితే, ఈమె వచ్చే వేళకి ఆయన గట్టు మీదికి వెళ్తాడు. వాళ్లు మాట్లాడుకునేదెప్పుడు? రెండో, నాలుగో శనివారాలు బ్యాంకుకి సెలవు. కనీసం ఆ రెండు రాత్రులూ చెరువుకి వేరే మనిషిని పెట్టమనండి. మేతకీ మందులకీ పోసే డబ్బులో అదొక లెక్కా?

గ్రూప్-2 అంటారా, చదవడానికి రోజుకి ఆరేడు గంటలైనా కావాలి. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న కోడలికి అన్ని గంటలు ఎవరు వదులుతారు? పదిహేను రోజులు సెలవు పెట్టి ఆ ఇంట్లోనే చదివి చూడమనండి. పుస్తకం ముందు ఎంతసేపు కూర్చోగలిగిందో రోజూ రాసుకోవాలి. ఆ కాగితం చూసుకున్నాక కూడా మానేస్తానంటే మాననివ్వండి. ఈలోగా మీరు మాత్రం వియ్యపురాలి దగ్గర ఈ మాట ఎత్తకండి.