ప్రాగ్‌కి ఒంటరిగా వెళ్ళండి, ఆ రెండు మాత్రలు మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 34. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. డిసెంబర్‌లో ఎనిమిది రోజులు చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్తున్నాను. ఒంటరిగా విదేశం వెళ్ళడం ఇదే మొదటిసారి. మధ్యలో ఒకచోట విమానం మారాలి. మొదటిది నాలుగు గంటలు, రెండోది ఆరు గంటలు. జెట్‌లాగ్ రాకుండా ఏం చేయాలి? అక్కడి చలికి జలుబు, జ్వరం వస్తే పనికొస్తుందని అజిత్రోమైసిన్ పెట్టుకుంటున్నాను, ఇంకేమైనా తీసుకెళ్ళాలా? టెన్షన్‌గా ఉందంటే మా ఫ్రెండ్ తన దగ్గరున్న ఆల్‌ప్రాజోలం 0.5 ఇచ్చింది, విమానంలో వేసుకుంటే హాయిగా నిద్రపడుతుందట. పీరియడ్స్ సరిగ్గా ఆ వారమే రావాలి కాబట్టి వాయిదా మాత్రలు మెడికల్ షాపులో తెచ్చుకున్నాను. థైరాయిడ్‌కి రోజూ మాత్ర వాడతాను, వేరే జబ్బులేవీ లేవు. అమ్మకి మాత్రం నలభై ఏళ్ళప్పుడు కాల్లో రక్తం గడ్డకట్టి ఆస్పత్రిలో ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీరు జెట్‌లాగ్ గురించి అడిగారు. దానికి వస్తాను, కానీ అది రెండు రోజుల్లో దానంతటదే సర్దుకునేది. మీ ఉత్తరంలో నాకు భయం కలిగించింది చివరి వాక్యం. అమ్మకి నలభై ఏళ్ళకే కాల్లో గడ్డ కట్టిందన్న సంగతి అన్నిటికన్నా ముందు రాయాల్సింది, ఆఖర్న 'మాత్రం' అంటూ తగిలించారు. ఓపీలో కూడా ఇంతే, అన్నీ చెప్పి, లేచి తలుపు దాకా వెళ్ళి, అప్పుడు వెనక్కి తిరిగి అసలు విషయం చెప్తారు.

మీరు వేర్వేరుగా రాసిన సంగతుల్ని నేను ఒకచోట పెడతాను, చూడండి. తల్లికి చిన్న వయసులో డీవీటీ, అంటే కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, దాదాపు 33, ఊబకాయం కిందకే వస్తుంది, ఏమీ అనుకోకండి. మొత్తం పది గంటలు సీట్లో కూర్చోవడం. పీరియడ్స్ వాయిదా మాత్ర. కదలకుండా పడుకోబెట్టే నిద్ర మాత్ర. ఇందులో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. అన్నీ ఒకే రోజు ఒకే మనిషి మీద పడటమే నాకు నచ్చలేదు.

అసలు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఊరికే భయపెట్టినట్టవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఇలా గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది, అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది ఆరు వేల మందికి ఒకరి స్థాయిలోనే ఉంటుంది. అంటే మామూలు మనిషి దీని గురించి టికెట్ రద్దు చేసుకోనక్కర్లేదు. మీరూ చేసుకోవద్దు. కానీ ఆ లెక్క ఆరోగ్యవంతులది. కుటుంబ చరిత్ర, బరువు, హార్మోన్ మాత్ర కలిసినవాళ్ళకి ముప్పు అంతకన్నా ఎక్కువ, మీకు కచ్చితంగా ఎంతో ఉత్తరం చూసి నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ వాయిదా మాత్ర. మీరు పేరు రాయలేదు కానీ మన షాపుల్లో ఇచ్చేది చాలావరకు నోరెథిస్టిరాన్, డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడుసార్లు వేసుకోమంటారు. పెళ్ళికో పూజకో వాడేశాం, ఏమీ కాలేదు కదా అని అందరూ దాన్ని జలుబు మాత్రలా చూస్తారు. ఆ మోతాదులో వాడినప్పుడు ఈ మందులో కొంత భాగం శరీరంలోకి వెళ్ళాక ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, గర్భనిరోధక మాత్రల్లో ఉండే రకమే. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచేది అదే. అందుకే ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళకి ఇది ఇవ్వం, ఇంట్లో ఎవరికైనా ఉందంటే ఆలోచించి, అడిగి, అప్పుడు నిర్ణయిస్తాం. షాపతను మిమ్మల్ని అమ్మ గురించి అడిగాడా? అడగడు. అతని తప్పు కూడా కాదు, ప్రిస్క్రిప్షన్ లేకుండా వెళ్ళి అడిగింది మీరు.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి ఒకావిడ వచ్చారు, విదేశం నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది, ఎడమ పిక్క నొప్పి. బాగా నడిచాను కదా, కండరం పట్టేసిందనుకుని రెండు రోజులు ఎవరితోనో గట్టిగా మర్దన చేయించుకున్నారు, నొప్పి మాత్రలు మింగారు. చూస్తే ఎడమ పిక్క కుడిదానికన్నా లావుగా ఉంది, వేడిగా ఉంది. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ తీయిస్తే గడ్డ. ఊపిరితిత్తులకి పోకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆవిడ వాడిన మాత్రా ఇదే. మాత్ర వల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను, విమానం ఉంది, వయసు ఉంది. కానీ అప్పటి నుంచి 'డాక్టర్ గారూ, వాయిదా మాత్ర' అని ఎవరు ఫోన్ చేసినా ఇంట్లో ఎవరికైనా గడ్డకట్టిందా అన్నదే నా మొదటి ప్రశ్న.

కాబట్టి మీరు చేయాల్సింది, ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు మీ గైనకాలజిస్టునో ఫిజీషియన్‌నో స్వయంగా కలవండి. అమ్మ పాత రిపోర్టులు దొరికితే పట్టుకెళ్ళండి. ఆమెకి కాన్పు తర్వాతో, ఆపరేషన్ తర్వాతో వచ్చిందా, లేక ఏ కారణం లేకుండా వచ్చిందా అన్నది పెద్ద తేడా. కొందరికి గడ్డకట్టే గుణానికి సంబంధించిన రక్తపరీక్షలు చేయిస్తాం, అందరికీ అక్కర్లేదు. ఈలోగా ఆ వాయిదా మాత్ర మొదలుపెట్టకండి. పీరియడ్స్ వస్తే రానివ్వండి, ప్రాగ్ ఏమీ అడవి కాదు, ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. పబ్లిక్ టాయిలెట్లు చాలాచోట్ల డబ్బులిచ్చి వాడేవి, చిల్లర కొరూనాలు జేబులో ఉంచుకోండి. అక్కడి కరెన్సీ యూరో కాదు.

ఆల్‌ప్రాజోలం గురించి అడగకుండానే చెప్తున్నా, వద్దు. మీ కోసం రాయని మందు, ఎప్పుడూ వేసుకోని మందు, మొదటిసారి వేసుకునేది ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తులో, పక్కన తెలిసినవాళ్ళు లేకుండానా? కొందరికి పావు వంతు మాత్రకే మత్తు మర్నాటి దాకా ఉంటుంది, మధ్యలో ఏం చేశారో గుర్తుండదు. నాలుగు గంటల తర్వాత మీరు లేచి, తెలియని ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కుంటూ, పాస్‌పోర్టు, ఫోను, బ్యాగు మూడూ చూసుకోవాలి. తూలుతూ ఎలా చూసుకుంటారు? పైగా మొద్దునిద్రలో ఒకే భంగిమలో ముడుచుకుని ఉంటే కాళ్ళలో రక్తం అలాగే నిలబడుతుంది, నేను పైన చెప్పిన గొడవంతా దానితోనే. విమానంలో ఇచ్చే వైన్ దీనికి తోడైతే ఊపిరి కూడా మందగిస్తుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన కట్టుదిట్టమైన జాబితాలోది, ఇంకొకరి పేరు మీదున్న చీటీతో సరిహద్దులు దాటించేది కాదు. ఒంటరి ప్రయాణమంటే గుండె దడ రావడం జబ్బు కాదమ్మా, ఎవరికైనా ఉంటుంది. నిజంగా ఊపిరాడనంత, రోజువారీ పనులు ఆగేంత ఆందోళన మీకు ముందు నుంచీ ఉంటే అది వేరే సంగతి, అప్పుడు దానికి సరైన చికిత్స ఇక్కడే మొదలుపెట్టి, కుదురుకున్నాకే వెళ్ళాలి.

విమానంలో ఏం చేయాలంటే, నడవడానికి వీలుగా దారి పక్క సీటు తీసుకోండి. కిటికీ సీటు వాళ్ళు మొహమాటంతో లేవరు, అదే వచ్చిన చిక్కు. గంటకో, గంటన్నరకో ఒకసారి లేవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి, బ్యాగు కాళ్ళ దగ్గర కుక్కుకోకండి. నీళ్ళు తాగండి. మోకాలి కింద దాకా ఉండి కాలిని బిగుతుగా పట్టే కంప్రెషన్ సాక్స్ మీలాంటివాళ్ళకి ఉపయోగమే, కానీ కొలత తీసుకుని కొనాలి, బిగుతు తప్పుగా ఉంటే అవే ఇబ్బంది. ఇది చదివి ఎవరో ఒకరు ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, వేసుకుంటే రక్తం పల్చబడుతుందిగా అంటారు. విమాన ప్రయాణంలో ఈ గడ్డ రాకుండా ఆస్పిరిన్ వేసుకోమని మేము చెప్పం. ముప్పు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి ప్రయాణానికి ముందు ఇచ్చే ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి, అవి మీకు అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు తేల్చాలి.

దిగాక కూడా గుర్తుంచుకోండి. ఒక కాలు మాత్రమే వాచడం, పిక్క నొప్పి, ఆ చోట వేడి, ఎరుపు. లేదా ఉన్నట్టుండి ఆయాసం, గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం. ఇవి విమానం దిగిన రోజే రానక్కర్లేదు, రెండు మూడు వారాల తర్వాత కూడా రావచ్చు. అప్పుడు రూములో పడుకుని ఇంటికొచ్చాక చూపించుకుందాం అనుకోకండి. నేను చూసిన చెడ్డ కేసుల్లో మందు లేక పోయినవి తక్కువ, ఆలస్యం వల్ల పోయినవే ఎక్కువ. అక్కడ అంబులెన్స్ నంబర్ 155, యూరప్ అంతటా పనిచేసేది 112, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. మర్దన మాత్రం చేయించుకోవద్దు.

డబ్బులెంతవుతాయో అని వెనకాడతారని ఇదీ చెప్తున్నా. చెక్ సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు కవర్ చేసే ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పనిసరి, ప్రీమియం కట్టేశారు, వాడుకోండి. ఫారంలో థైరాయిడ్ సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ అప్పుడు అదే సాకు అవుతుంది. పాలసీ నంబరూ, వాళ్ళ హెల్ప్‌లైన్ నంబరూ కాగితం మీద కూడా ఉంచుకోండి, ఫోన్ చలికి తొందరగా చచ్చిపోతుంది.

అజిత్రోమైసిన్ ఎందుకండీ? చలికి వచ్చే జలుబూ, గొంతునొప్పీ ఎక్కువ భాగం వైరస్‌వే, వాటికి ఈ యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. చెక్ దేశంలో యాంటీబయాటిక్ ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మరు, అక్కడివాళ్ళకి కూడా. జ్వరానికి పారాసిటమాల్ చాలు, మీది అయిపోతే అక్కడ ఫార్మసీలో పారాలెన్ పేరుతో దొరుకుతుంది. ఫార్మసీని లేకార్నా అంటారు, ఆకుపచ్చ క్రాస్ గుర్తు చూసి వెళ్ళండి. జలుబు మాత్రల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది, దాని మీద మళ్ళీ పారాసిటమాల్ వేసుకుని డోసు రెట్టింపు చేసుకునేవాళ్ళు నాకు వారానికి ఒకరు కనిపిస్తారు, మీరు ఆ జాబితాలో చేరకండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా డాక్టరుకి చూపించుకోవాలి.

థైరాయిడ్ మాత్ర చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వద్దు. స్ట్రిప్పులోంచి తీసి డబ్బాల్లో పోయకండి, ప్రిస్క్రిప్షన్ కాపీ వెంట ఉండాలి. అక్కడి టైమ్ ప్రకారం పొద్దున పరగడుపున వేసుకుంటే చాలు, నాలుగున్నర గంటల తేడాకి ఏమీ కాదు.

జెట్‌లాగ్ అడిగారు కదా. పడమరకి వెళ్తున్నారు కాబట్టి కొంచెం తేలిక. సాయంత్రం ఏడింటికే కళ్ళు మూతలు పడతాయి, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, అంతే. మొదటి రోజు ఎలాగైనా రాత్రి తొమ్మిది దాకా మేలుకోండి, పగలు కునుకు తీస్తే అరగంట మించకూడదు. డిసెంబర్‌లో ప్రాగ్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, అందుకని మధ్యాహ్నం వెలుతురు ఉన్నంతసేపూ బయటే తిరగండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి.

చలి కన్నా నాకు కింద పడటం గురించే దిగులు. ఉష్ణోగ్రత సున్నా దగ్గరుంటుంది, పాత పట్నమంతా రాళ్ళు పరిచిన వీధులు, పొద్దున వాటి మీద మంచు పేరుకుంటే గాజు పలకే. చార్లెస్ బ్రిడ్జి మీద ఫోటో కోసం వెనక్కి అడుగులేస్తూ జారి, మణికట్టు విరిగితే మీ సూట్‌కేసు ఎవరు లాగుతారు? అందం చూసి కాదు, అడుగు పట్టు చూసి బూట్లు కొనండి, వారం ముందు నుంచే తొడుక్కుని తిరగండి, కొత్త బూట్లతో మొదటి రోజే ఇరవై వేల అడుగులు వేసి కాళ్ళు బొబ్బలెక్కించుకోవద్దు. ఒకే లావు స్వెట్టర్ కన్నా పల్చటివి రెండు మూడు పొరలుగా వేసుకుంటే మెట్రోలో విప్పుకోవడానికి వీలు.

ఇదంతా మీరు రాసిన నాలుగు ముక్కల ఆధారంగా చెప్పింది, మిమ్మల్ని పరీక్షించి చెప్పింది కాదు, కాబట్టి అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారమే తీసుకోండి. ఆ ఆల్‌ప్రాజోలం స్ట్రిప్పు మీ ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చేయండి. ఆవిడకి అది ఎవరు రాశారో, ఎన్నాళ్ళుగా వాడుతున్నారో కూడా ఓసారి అడగండి.