కడపలో పాత కేసు ఉంటే అమెరికా స్పౌజ్ వీసాకు అడ్డమా?

భార్య అమెరికా పౌరురాలు, భర్తది కడప. ఎప్పుడో గొడవలో పెట్టిన ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం) కేసులో అరెస్టయ్యారు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఇప్పుడు దాన్ని చెప్పాలా అని అడిగారు.

తప్పకుండా చెప్పండి. వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారంలో శిక్ష గురించే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. రాజీ అయినా ఆ అరెస్టు చెరిగిపోదు. నిజానికి ఇలాంటి కేసు వల్ల వీసా పోవడం అరుదు. దాచిపెట్టడం వల్ల మాత్రం జీవితకాల నిషేధం పడే ప్రమాదం ఉంది.

మోసం, దొంగతనం లాంటి నైతిక పతన నేరాల్లో శిక్ష పడినా, ఆ నేరం చేశానని ఒప్పుకున్నా అసలు చిక్కు. అప్పుడు కూడా నేరం ఒక్కటే అయి, ఆ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష ఏడాది దాటకుండా, పడిన శిక్ష 6 నెలలు మించకుండా ఉంటే మినహాయింపు ఉంది. మోసానికి పెట్టే ఐపీసీ 420కి గరిష్ఠం 7 ఏళ్లు కాబట్టి అది దక్కదు. అలాంటప్పుడు వీసా నిరాకరించాక ఐ-601 (అనర్హతను మాఫీ చేయమని కోరే దరఖాస్తు) వేసి, భార్యకు తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. మత్తుమందుల కేసుల్లో, 30 గ్రాముల లోపు గంజాయి ఒక్కసారి దగ్గరుంచుకున్న కేసుకు తప్ప, ఈ దారి లేదు.

పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా వచ్చినా అది చాలదు. సీసీ నంబరు (కోర్టు కేసుకిచ్చిన నంబరు), సంవత్సరం రాసి, కేసు నడిచిన కోర్టులోనే ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డుల సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ అనువాదకుడి సంతకంతో ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. పాత ఫైలు లేదంటే, ఆ మాటే కోర్టు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.